ఒక్క తెలుగు అక్షరం చేర్చి లినక్స్ కీబోర్డు ప్యాకేజీని మళ్ళీ కట్టుకోవాలి, అప్‌గ్రేడ్‌కి పోకుండా ఎట్లా?

హనుమకొండ డీటీపీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హనుమకొండలో డీటీపీ పని చేస్తాను. పగలంతా షాపులో పెళ్ళి కార్డులు, దరఖాస్తులు, ప్లాట్ల కాగితాలు. రాత్రి ఇంటికొచ్చాక మా తాతయ్య నోటుబుక్కులు టైపు చేస్తున్నాను. ఆయన పరకాల దగ్గర బడిలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 84 ఏళ్ళు. పాకాల చెరువు మీద, ఊరి బొడ్రాయి మీద, వానలు పడని ఏడాది మీద ఆయన రాసుకున్న పద్యాలు పదకొండు నోటుబుక్కుల్లో ఉన్నాయి. ఏదీ అచ్చు కాలేదు. రెండు బుక్కుల అంచులు చెదలు తినేసింది చూశాక ఇంక ఆగొద్దని మొదలుపెట్టాను.

తాతయ్య నకారపొల్లు రాస్తారు. "వచ్చెన్", "నిండెన్" అని మనం ఇప్పుడు రాసే చోట ఆయన పాత అచ్చు పుస్తకాల్లో ఉన్నట్టు "వచ్చెౝ", "నిండెౝ" అని రాస్తారు. ఇక్కడ మీకు అక్షరం బదులు డబ్బా కనిపిస్తే మీ ఫాంటులో అది లేదని అర్థం. యూనికోడ్‌లో కూడా ఇది ఆలస్యంగా, 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో చేరింది. దాని నంబరు 0సి5డి. మొదట్లో నేను మామూలు "న్" కొట్టి ప్రింటు తీసి చూపించాను. భూతద్దం పెట్టుకుని ఒక పేజీ మొత్తం చదివి, "అంతా బాగుంది బిడ్డా, కానీ నా పొల్లు ఏది?" అన్నారు. ఆ రోజే అనుకున్నాను, ఆయన రాసిన ప్రతి గుర్తూ ఉన్నది ఉన్నట్టు రావాలని.

ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత డెస్క్‌టాప్, అందులో లినక్స్ మింట్ సినమన్ వేసుకున్నాను. ఇన్‌స్క్రిప్ట్ వరసలో ఉండే తెలుగు కీబోర్డు వాడతాను. అందులో వి కీ మీద న ఉంటుంది, షిఫ్ట్ పట్టుకుని కొడితే వేరే అక్షరం రాదు. పొల్లుకి అంతకంటే మంచి చోటు లేదనిపించింది. వెతికితే కీబోర్డు అక్షరాల ఫైలు దొరికింది: /యూఎస్ఆర్/షేర్/ఎక్స్11/ఎక్స్‌కేబీ/సింబల్స్ ఫోల్డరులో "ఇన్" అనే ఫైలు. సుడోతో (అడ్మిన్ అధికారంతో) తెరిచి, తెలుగు భాగంలో న ఉన్న వరసలో రెండో స్థానంలో యూ0సి5డి అని పెట్టాను. లాగౌట్ అయి మళ్ళీ వచ్చేసరికి షిఫ్ట్ వి కొడితే ౝ పడింది. ఆ ఆనందం చెప్పలేను. మూడు నోటుబుక్కులు అట్లా పూర్తి చేశాను.

తర్వాత మింట్ 21.3 నుంచి 22కి అప్‌గ్రేడ్ చేశాను. మర్నాడు రాత్రి కూర్చుంటే పొల్లు లేదు. ఫైలు తెరిస్తే నా మార్పు పోయి పాతట్లే ఉంది. ఉంచాలా తీసేయాలా అని ఒక్క ముక్క కూడా అడగలేదు. మళ్ళీ మార్చుకున్నాను గానీ, ఈసారి ఏ అప్‌డేట్‌కి పోతుందో అని టెన్షన్. షాపులో ఒక తమ్ముడు అప్‌డేట్లు ఆపేయమన్నాడు. అదే కంప్యూటరులో బ్యాంకు పని కూడా చేస్తాను కాబట్టి ఆ పని చేయను.

సోర్సు (ప్యాకేజీ తయారయ్యే అసలు ఫైళ్ళు) తెచ్చుకుని, మన మార్పును ప్యాచ్‌గా (ఏం మారిందో చెప్పే చిన్న ఫైలుగా) వేసి, ప్యాకేజీని మళ్ళీ కట్టి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చని చదివాను. సగమే అర్థమైంది. టెర్మినల్ అంటే భయం లేదు, కానీ ప్యాకేజీ ఎప్పుడూ కట్టలేదు. ఈ పనికి అదే సరైన దారా? అయితే మొదటి నుంచి ఎట్లా చేయాలో కాస్త చెప్పండి. ఇంకా ఎనిమిది నోటుబుక్కులు మిగిలాయి.

కాజీపేట ల్యాబ్

చెల్లెమ్మా, ముందు మీ తాతగారికి నా నమస్కారం చెప్పండి. మా నాయన కూడా అరసున్నాలు వదలకుండా ఉత్తరాలు రాసేవాడు. వాటిని ఇప్పుడు చదివేవాళ్ళు మా ఇంట్లో నేనొక్కడినే.

మీ మార్పు ఎందుకు పోయిందో ముందు చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. /ఈటీసీ కింద ఉండే సెట్టింగు ఫైళ్ళను మీరు మారిస్తే డీపీకేజీ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము) గుర్తుపడుతుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు "మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా" అని అడుగుతుంది. /యూఎస్ఆర్ కింద ఉన్నవి అట్లా కాదు. అవి ప్యాకేజీ సొత్తు. కొత్త ప్యాకేజీ రాగానే పాత ఫైలు తీసి తనది పెడుతుంది, అడగాల్సిన పని దానికి లేదు. మీ కీబోర్డు ఫైలు ఎక్స్‌కేబీ-డేటా అనే ప్యాకేజీలోది. ఇప్పుడే టెర్మినల్‌లో డీపీకేజీ --వెరిఫై ఎక్స్‌కేబీ-డేటా అని కొట్టి చూడండి. ప్రశ్న గుర్తుల మధ్య ఒక 5 అంకె, పక్కనే మీరు మార్చిన ఫైలు పేరు వస్తాయి. ప్యాకేజీ తెచ్చిన ఫైలు ఇది కాదు, ఎవరో చేయి పెట్టారు అని దాని అర్థం.

(కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

ఇంకొక ప్రమాదం ఉంది, అది నేను పడ్డదే. నేను చూసే కాలేజీ ల్యాబులో 26 మెషీన్లున్నాయి. ఒకసారి రూపాయి గుర్తు కోసం ఇదే ఫైలును నేరుగా మార్చి, అన్నిటికీ కాపీ చేశాను. ఒక వరస చివర సెమీకోలన్ మర్చిపోయాను. ఆ "ఇన్" ఫైలులో తెలుగు ఒక్కటే లేదు, హిందీ, తమిళం, కన్నడం, బెంగాలీ, మన దేశపు లేఅవుట్లన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉంటాయి. ఒక్క సెమీకోలన్ లేక ఏదీ పని చేయలేదు. తెల్లారితే టైపింగ్ పరీక్ష. రాత్రి పదకొండింటిదాకా ఒక్కొక్క మెషీన్ దగ్గర కూర్చుని పాత ఫైలు పెట్టుకుంటూ వచ్చాను. అప్పటి నుంచి /యూఎస్ఆర్‌లో నేరుగా చేయి పెట్టను.

ఇక పని. మింట్‌లో సాఫ్ట్‌వేర్ సోర్సెస్ తెరిచి, సోర్స్ కోడ్ రిపాజిటరీలు అనేది ఆన్ చేసి, సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టండి (ఆప్ట్ అంటే ప్యాకేజీలను ఇంటర్నెట్టు నుంచి తెచ్చే ప్రోగ్రాము). అది ఆన్ చేయకపోతే సోర్సు దొరకదు. తర్వాత బిల్డ్-ఎసెన్షియల్, డెవ్‌స్క్రిప్ట్స్, క్విల్ట్ అనే మూడు ప్యాకేజీలు వేసుకోండి. వీటిలో క్విల్ట్ ప్యాచ్‌లు తయారుచేసి వేసేది. ఆపైన సుడో ఆప్ట్ బిల్డ్-డెప్ ఎక్స్‌కేబీ-డేటా. ఇది మీ ప్యాకేజీ కట్టడానికి కావాల్సిన సామాన్లన్నీ తెస్తుంది. డేటా బాగానే తింటుంది, ఇంట్లో వైఫై ఉన్నప్పుడు చేయండి.

మీ హోమ్ ఫోల్డరులో "పొల్లు" పని కోసం ఒక ఫోల్డరు పెట్టుకుని, అందులోకి వెళ్ళి ఆప్ట్ సోర్స్ ఎక్స్‌కేబీ-డేటా కొట్టండి. దీనికి సుడో వద్దు. సుడోతో తెస్తే ఆ ఫైళ్ళు రూట్ (అడ్మిన్ యూజరు) పేరు మీద పడి, తర్వాత మీరు ఏది సేవ్ చేయబోయినా కుదరదు. తెచ్చిన ఫోల్డరు పేరు ఎక్స్‌కీబోర్డ్-కాన్ఫిగ్ అని ఉంటుంది, గాబరా పడొద్దు. సోర్సు పేరు అది, దాని నుంచి తయారయ్యే ప్యాకేజీ పేరు ఎక్స్‌కేబీ-డేటా.

ఆ ఫోల్డరులోకి వెళ్ళి ఎక్స్‌పోర్ట్ క్విల్ట్_ప్యాచెస్=డెబియన్/ప్యాచెస్ అని ఒకసారి చెప్పండి. అక్కడ అప్పటికే ఉబుంటు (మింట్‌కు ఆధారమైన లినక్స్) వాళ్ళ ప్యాచ్‌లు ఉంటే క్విల్ట్ పుష్ -ఎ అన్నిటినీ వేస్తుంది, వేసి ఉంటే వేసి ఉన్నాయని చెప్తుంది. తర్వాత క్విల్ట్ న్యూ తెలుగు-పొల్లు.ప్యాచ్. ఆ తర్వాత క్విల్ట్ యాడ్ సింబల్స్/ఇన్. ఇప్పుడు ఫైలు తెరిచి మీ మార్పు చేయండి. సేవ్ చేసి క్విల్ట్ రిఫ్రెష్. డెబియన్/ప్యాచెస్‌లో మీరిచ్చిన పేరుతో ఒక చిన్న ఫైలు పుడుతుంది. తెరిచి చూడండి, తీసేసిన వరస ముందు మైనస్, చేర్చిన వరస ముందు ప్లస్. మీరు దాచుకోవాల్సింది ఆ ఫైలునే. మిగతాదంతా మళ్ళీ తెచ్చుకోవచ్చు.

తర్వాత వెర్షన్. ఇది తేలిగ్గా తీసుకోకండి. డీసీహెచ్ --లోకల్ +పొల్లు అని కొడితే చేంజ్‌లాగ్ (మార్పుల పట్టీ) తెరుచుకుంటుంది. ఏం మార్చారో ఒక వాక్యం రాసి సేవ్ చేయండి. మీ దగ్గరున్న వెర్షన్ చివర ఉబుంటు1 అని ఉందనుకోండి, మీది ఉబుంటు1+పొల్లు1 అవుతుంది. అసలుదాని కన్నా మీది పెద్దది కాబట్టి ఆప్ట్ దాన్ని వెనక్కి మార్చదు. కొందరు ప్లస్ బదులు ~ గుర్తు పెడతారు. ఆ గుర్తుంటే డీపీకేజీ లెక్కలో అది చిన్నదైపోతుంది, వెర్షన్ చివర ఏమీ లేనిదాని కన్నా కూడా చిన్నది. మర్నాడే ఆప్ట్ "కొత్త వెర్షన్ ఉంది" అని అసలుదాన్ని తెచ్చి మీదాని మీద పెట్టేస్తుంది.

చివరికి డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ -యూఎస్ -యూసీ -బి. సంతకాలు వద్దు, ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఒక్కటే కట్టు అని చెప్పినట్టు. ఇందులో సీ భాషలో కంపైల్ అయ్యే పెద్ద ప్రోగ్రామేదీ లేదు, మీ పాత మెషీన్ మీద కూడా త్వరగానే అవుతుంది. తయారైన డెబ్ ఫైలు (ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ) ఆ ఫోల్డరులో ఉండదు, దాని పైఫోల్డరులో ఉంటుంది. చాలామంది ఇక్కడే వెతుక్కుంటూ కూర్చుంటారు. యూడెబ్ అని ఇంకొకటి కూడా రావచ్చు, అది ఇన్‌స్టాలర్ కోసం, ముట్టుకోకండి.

ఇన్‌స్టాల్ చేసేముందు డీపీకేజీ-డెబ్ -ఎక్స్‌తో ఒక ఖాళీ ఫోల్డరులోకి విప్పి, అందులో సింబల్స్/ఇన్ ఫైలు మీరు అనుకున్నట్టే ఉందా అని కళ్ళారా చూడండి. నా 26 మెషీన్ల రాత్రి మీకు రాకూడదు. అప్పుడు సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని, ఫైలు పేరు ముందు ./ తప్పకుండా పెట్టి కొట్టండి. ఆ చుక్కా గీతా లేకపోతే ఆప్ట్ ఇంటర్నెట్టులో వెతుకుతుంది.

కరీంనగర్ నుంచి

కాజీపేట అన్న చెప్పింది పూర్తిగా సరైనదే. అయితే కీబోర్డు విషయంలో ప్యాకేజీ కట్టకుండా కూడా ఒక దారి ఉంది, అది కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నా.

మింట్ సినమన్ మామూలుగా ఎక్స్11 (తెర, కీబోర్డు చూసుకునే పాత వ్యవస్థ) మీద నడుస్తుంది. మీ హోమ్ ఫోల్డరులో .ఎక్స్‌కేబీ/సింబల్స్ అని ఫోల్డరు పెట్టి, మార్చిన "ఇన్" ఫైలును అక్కడ ఉంచండి. సెట్ఎక్స్‌కేబీమ్యాప్‌ని -ఐ తో ఆ ఫోల్డరు చూపించి, -ప్రింట్ పెట్టి, వచ్చినదాన్ని ఎక్స్‌కేబీకాంప్‌కి అందిస్తే సిస్టమ్ ఫైలును ముట్టకుండానే మీ లేఅవుట్ వస్తుంది. తప్పుంటే ఎక్స్‌కేబీకాంప్ అక్కడికక్కడే ఏ వరసలో తప్పుందో చెప్తుంది. వేలాండ్ (దాని బదులు వచ్చిన కొత్త వ్యవస్థ) వాడేవాళ్ళకి ఇంకా తేలిక, .కాన్ఫిగ్/ఎక్స్‌కేబీ కింద పెడితే చాలు, దాన్నే ముందు చూస్తుంది.

ఇందులో ఇబ్బంది ఏమిటంటే, ఎక్స్11లో లాగిన్ అయిన ప్రతిసారీ ఆ కమాండు నడవాలి. సినమన్‌లో లేఅవుట్ మార్చే బటన్ నొక్కితే ఒక్కోసారి పాత లేఅవుట్ వచ్చి కూర్చుంటుంది. నేను ఆరు నెలలు ఈ పద్ధతిలోనే వాడి, చివరికి విసిగి ప్యాకేజీ కట్టుకున్నాను. కాబట్టి నా సలహా: ముందు ఈ దారిలో ఫైలును పరీక్షించండి, అంతా బాగుందంటే ప్యాకేజీ కట్టండి.

ఇంకొక మాట. ఎవరైనా డీపీకేజీ-డైవర్ట్ వాడమని చెప్పవచ్చు. అసలు ఫైలును పక్కకు తోసి మీది పెట్టుకునే పద్ధతి అది. మీది అప్‌గ్రేడ్‌కి పోదు, నిజమే. కానీ వాళ్ళు ఆ ఫైలులో తర్వాత చేసే దిద్దుబాట్లు ఏవీ మీకు రావు. ఏళ్ళ తరబడి పాత ఫైలే ఉండిపోతుంది.

హనుమకొండ డీటీపీ

ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. ఆదివారం షాపు సెలవు, పొద్దున్నుంచి కూర్చున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, క్విల్ట్ రిఫ్రెష్ కొడితే "నథింగ్ ఇన్ ప్యాచ్" అని వచ్చింది. ఫైలులో మార్పు స్పష్టంగా ఉంది, సేవ్ కూడా అయింది. గుర్తు తెచ్చుకుంటే నేను ముందు ఫైలు మార్చి, తర్వాత క్విల్ట్ యాడ్ కొట్టాను. అదే కారణమా?

రెండు, కొత్త వెర్షన్ వస్తే ఏమవుతుందో అర్థం కాలేదు. నాది పెద్దది కాబట్టి మార్చదు అన్నారు. మరి వాళ్ళది ఇంకా పెద్దది వస్తే? అప్పుడు మళ్ళీ నా పొల్లు పోతుంది కదా?

తాతయ్య పక్కనే కుర్చీ వేసుకుని చూస్తున్నారు. "ఒక్క అక్షరానికి ఇంత పనా" అన్నారు గానీ లేచి వెళ్ళలేదు.

కాజీపేట ల్యాబ్

మొదటిదానికి కారణం మీరు పట్టుకున్నదే. క్విల్ట్ యాడ్ అన్నప్పుడు క్విల్ట్ ఆ క్షణానికి ఫైలు ఎట్లా ఉందో ఒక కాపీ దాచుకుంటుంది. రిఫ్రెష్ అన్నప్పుడు ఆ కాపీకీ ఇప్పటి ఫైలుకీ తేడా చూస్తుంది. మీరు మార్చాక యాడ్ చేశారు, కాబట్టి దాని కంటికి తేడా లేదు. మార్చిన ఫైలును ఇంకో చోట కాపీ పెట్టుకుని, సోర్సు ఫోల్డరు మొత్తం తీసేసి మళ్ళీ ఆప్ట్ సోర్స్‌తో తెచ్చుకోండి. న్యూ, యాడ్ రెండూ అయ్యాక మీ కాపీని దాని మీద పెట్టి రిఫ్రెష్ కొట్టండి.

ఒక నిజం కూడా చెప్పాలి. -బి తో కట్టేటప్పుడు ప్యాచ్ లేకుండా ఫైలును నేరుగా మార్చినా ఆ మార్పు డెబ్‌లోకి వెళ్తుంది. ఈరోజు మటుకు పని అయిపోతుంది. కానీ రేపు కొత్త సోర్సు వచ్చినప్పుడు ఏం మార్చామో మళ్ళీ గుర్తు తెచ్చుకోవాలి. ప్యాచ్ ఫైలు చేతిలో ఉంటే డెబియన్/ప్యాచెస్‌లో పెట్టి, సిరీస్ అనే ఫైలు చివర దాని పేరు రాసి, క్విల్ట్ పుష్ కొడితే చాలు. ఆ ఫైలును మెయిల్లో మీకు మీరే పంపుకోండి. హార్డు డిస్కు పోయినా ఉంటుంది.

రెండో ప్రశ్న చాలా మంచిది, అందరూ అడగరు. అవును, వాళ్ళది పెద్దదైతే మీదాని మీదికి వస్తుంది. వెర్షన్ల లెక్కలో ప్లస్ గుర్తు కన్నా చుక్క పెద్దది. అంటే ఉబుంటు1+పొల్లు1 కన్నా ఉబుంటు1.1 పెద్దది. నమ్మకం లేకపోతే డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్ తో మీరే అడిగి చూడండి. ఇది లోపం కాదు, నా దృష్టిలో మంచిదే. వాళ్ళు ఏదైనా ముఖ్యమైనది దిద్ది పంపితే మన పాత ప్యాకేజీ దానికి అడ్డం పడకూడదు.

అయినా నోటుబుక్కు మధ్యలో ఆటంకం వద్దనుకుంటే సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ ఎక్స్‌కేబీ-డేటా కొట్టండి. మిగతావన్నీ అప్‌డేట్ అవుతాయి, ఇది ఒక్కటి ఆగుతుంది. అంటే మీ బ్యాంకు పనికి భయం లేదు, బ్రౌజరు ఎప్పటికప్పుడు కొత్తదే ఉంటుంది. ఏవి ఆపి ఉంచారో ఆప్ట్-మార్క్ షోహోల్డ్ చెప్తుంది. నెలకొకసారి చూసుకుని, కొత్త సోర్సు వస్తే దానికి మీ ప్యాచ్ వేసి మళ్ళీ కట్టండి, హోల్డ్ తీసేసి వేసుకుని మళ్ళీ పెట్టండి. మింట్ పెద్ద వెర్షన్ మారేటప్పుడు మాత్రం ముందే అన్‌హోల్డ్ చేయాలి, లేకపోతే అప్‌గ్రేడ్ మధ్యలో ఇరుక్కోవచ్చు. కీబోర్డు డేటా కాబట్టి హోల్డ్ చేయమంటున్నాను. బ్రౌజరునో ఓపెన్ఎస్ఎస్ఎల్‌నో ఇట్లా కట్టి హోల్డ్ చేసి మర్చిపోవడం చాలా ప్రమాదం, అది ఎవరికీ చెప్పను.

జగిత్యాల టీచర్

మంచి చర్చ నడుస్తోంది. నేనూ పాత పద్యాలు టైపు చేస్తుంటాను, నాకూ ఈ పొల్లు కావాలి. మేడం, కట్టిన డెబ్ ఫైలు వాట్సాప్‌లో పంపిస్తే నేరుగా వేసుకుంటాను. ఇవన్నీ చేసే ఓపిక, టైము రెండూ లేవు.

కాజీపేట ల్యాబ్

సార్, ఆమె మంచి మనసుతోనే పంపిస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ అలవాటుగా ఇది మంచిది కాదు, అందుకే మధ్యలో వస్తున్నాను. డెబ్ ఫైలులో ఫైళ్ళు ఒక్కటే ఉండవు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నడిచే స్క్రిప్టులు కూడా ఉంటాయి, అవి రూట్ అధికారంతో నడుస్తాయి. మనం -యూఎస్ -యూసీ అని సంతకం లేకుండా కట్టాం. నాలుగు గ్రూపులు తిరిగి మీ దగ్గరికి వచ్చిన ఫైలు ఆమె కట్టినదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా అని తెలుసుకునే దారి మీకు లేదు. పైగా మీది ఏ వెర్షనో ఏమో, ఆమె మింట్ 22 మీద కట్టినది మీకు సరిపోకపోవచ్చు.

ప్యాచ్ ఫైలు అడగండి. పది పన్నెండు వరసలుంటుంది, చదివితే ఏం మారుతోందో మీకే కనిపిస్తుంది. దాంతో మీ మెషీన్ మీద మీరే కట్టుకోవచ్చు. ఓపిక లేదన్నారు కదా, ఏదైనా ఆదివారం కాజీపేట వైపు వస్తే నా దగ్గర కూర్చుని గంటలో చేసుకుని వెళ్ళండి.

హనుమకొండ డీటీపీ

అయింది అన్నా! వివరంగా రాస్తాను, నాలాంటివాళ్ళు ఇంకెవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది.

సోర్సు మళ్ళీ తెచ్చుకుని, యాడ్ ముందు, మార్పు తర్వాత చేశాను. ఈసారి ప్యాచ్ ఫైలు పుట్టింది. అందులో నాది ఒక్క మైనస్ వరస, ఒక్క ప్లస్ వరస. తాతయ్యకు స్క్రీను మీద చూపించి, "ఈ ప్లస్ ఉన్న వరసే మీ పొల్లు" అని చెప్పాను.

కట్టడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. విప్పి చూశాను, ఫైలు సరిగ్గా ఉంది. కరీంనగర్ అన్న చెప్పిన ఎక్స్‌కేబీకాంప్ పరీక్ష కూడా చేశాను, తప్పేమీ రాలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చివర ఎన్ అక్షరంతో మొదలయ్యే ఒక వరస వచ్చింది, డౌన్‌లోడ్ శాండ్‌బాక్స్ లేకుండా రూట్‌గా జరిగింది, _ఆప్ట్ అనే యూజరుకి ఫైలు అందలేదు అని. గుండె ఆగినంత పనైంది. తర్వాత చదివి తెలుసుకున్నాను. డెబ్ ఫైలు నా హోమ్ ఫోల్డరులో ఉంది, ఆ _ఆప్ట్ యూజరుకి నా ఫోల్డరులోకి రావడానికి అనుమతి లేదు, అంతే. ఎర్రర్ కాదు, ఎరుక కోసం చెప్పే మాట. ప్యాకేజీ మామూలుగానే పడింది. ఎవరికైనా ఇదే వస్తే కంగారు పడకండి.

లాగౌట్ అయి వచ్చాక షిఫ్ట్ వి కొట్టాను, ౝ వచ్చింది. డీపీకేజీ --వెరిఫై మళ్ళీ కొట్టాను, ఈసారి ఒక్క వరస కూడా రాలేదు, ఖాళీ. మొన్న ప్రశ్న గుర్తులూ 5 అంకే చూసి ఏదో తప్పు చేసి దొరికినట్టనిపించింది. ఇప్పుడు ఆ ఫైలు ప్యాకేజీదే, ప్యాకేజీ నాదే. హోల్డ్ కూడా పెట్టాను, ప్రతి నెలా ఒకటో తారీఖున చూసుకోవాలని గోడ క్యాలెండరు మీద రాసుకున్నాను.

జగిత్యాల సార్, ప్యాచ్‌ను మీకు మెసేజ్‌లో పంపించాను. చదివి చూడండి, తప్పుంటే చెప్పండి.

అన్నా, ఇంకొక్కటి అడగాలి. ఈ ప్యాచ్‌ను అసలు కీబోర్డు ఫైళ్ళు రాసేవాళ్ళకే పంపించవచ్చా? అక్కడ చేరితే ఎవరూ కట్టుకోవాల్సిన పని ఉండదు కదా.

కాజీపేట ల్యాబ్

తప్పకుండా పంపించాలి. ఎక్స్‌కీబోర్డ్-కాన్ఫిగ్ ప్రాజెక్టు ఫ్రీడెస్క్‌టాప్ వాళ్ళ గిట్‌ల్యాబ్‌లో ఉంది, అకౌంటు తీసుకుని మర్జ్ రిక్వెస్ట్ (మా మార్పు కలుపుకోండి అనే విన్నపం) పెట్టండి. పెట్టేముందు వాళ్ళ ఇప్పటి సోర్సులో ఆ వరస చూడండి, ఇప్పటికే ఎవరైనా చేర్చి ఉండవచ్చు. లేకపోతే మాత్రం కారణం వివరంగా రాయండి. అక్షరం యూనికోడ్ నంబరు, 14వ వెర్షన్‌లో చేరిందన్న మాట, పాత అచ్చు పుస్తకంలోంచి ఒక పేజీ ఫోటో, షిఫ్ట్ వి చోటు ఎందుకు ఎంచుకున్నారు, ఇవన్నీ. వాళ్ళకు తెలుగు రాకపోవచ్చు, నకారపొల్లు అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పాలి. అక్కడ ఒప్పుకున్నాక డెబియన్‌కి, దాన్నుంచి ఉబుంటుకి, ఆపైన మింట్‌కి రావడానికి చాలాకాలం పడుతుంది. అప్పటిదాకా మీ ప్యాకేజీ మీకుంటుంది.

పాత పుస్తకం పేజీ కావాలంటే హనుమకొండలోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది కదా, 1904లో పెట్టిన గ్రంథాలయం. పొల్లు ఉన్న పాత అచ్చు పుస్తకం అక్కడ దొరక్కపోదు.

హనుమకొండ డీటీపీ

తాతయ్యకు ఈ మాట చదివి వినిపించాను. తన చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో ఆ నిలయానికి వెళ్ళినట్టు చెప్పారు. వచ్చే శనివారం ఆటోలో ఇద్దరం వెళ్తున్నాం, ఏ పేజీ ఫోటో తీయాలో ఆయనే ఎంచుతానన్నారు. నాలుగో నోటుబుక్కు ఈ రాత్రి మొదలుపెడుతున్నాను.